పూలకుండీలో కదిలింది పామా, వానపామా?

రోజూ వేలమంది హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్‌లో సిగ్నల్ పడేదాకా ఆగుతారు. ఆ కూడలికి ఆ పేరు ఊరికే రాలేదు. 2012 అక్టోబరులో మన హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రంలో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు జరిగింది. దాని గుర్తుగా గచ్చిబౌలి వైపు ఒక పార్కు వెలిసింది. పార్కు పేరు కూడలికి, ఆ తర్వాత ఫ్లైఓవర్‌కి అంటుకుంది. ఇప్పుడు క్యాబ్ డ్రైవర్ దగ్గర్నుంచి డెలివరీ కుర్రాడి దాకా అందరి నోటా ఆ మాట నలుగుతోంది. కానీ ఆ పేరు ఎవరి గురించి పెట్టారో ఆ ప్రాణులు మనకు ఆనడం లేదు. చెరువులో కొర్రమీను, ప్రహరీ మీద తొండ, బాదం చెట్టుకు వేలాడే గబ్బిలం కళ్ళ ముందే ఉన్నా పేరు కూడా అడగకుండా దాటిపోతున్నాం.

దానికి కారణం ఉంది. ఈ ఐటీ కారిడార్‌లో పనిచేసే తెలుగువాళ్ళలో చాలామంది టెన్త్ అవగానే ఎంపీసీలో చేరినవాళ్ళు. పదిహేనేళ్ళ వయసులోనే జీవశాస్త్రంతో సంబంధం తెగిపోయింది. అంతకుముందు చదివిన సకశేరుకాల పాఠమైనా పట్టికగా బట్టీ పట్టిందే. చేపలకు మొప్పలు, ఉభయచరాలకు తడి చర్మం, సరీసృపాలకు పొలుసులు, పక్షులకు ఈకలు, క్షీరదాలకు పాలు. పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి, మరిచిపోయాం. ఆ పట్టికలోని ప్రతి గడి వెనకా ఒక చూపు ఉందని ఎవరూ చెప్పలేదు. మన చదువుల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

ఏదైనా ప్రాణి ఎదురైతే మనసు ముందుగా పోలిక వెతుకుతుంది. సన్నగా పొడుగ్గా ఉంటే పాము, ఎగిరితే పిట్ట, నీళ్ళలో ఉంటే చేప. వర్గీకరణ నేర్పే పని వేరు. ఈ గుంపును గుంపుగా నిలబెట్టే లక్షణం ఏది, ఆ లక్షణం ఇందులో ఉందా అని అడగడం నేర్పుతుంది. ఈ ప్రశ్న అలవాటైన మనిషికి తొందరపాటు తగ్గుతుంది. ఈ అలవాటును ముందు జంతువుల దగ్గరే నేర్చుకోవాలంటాను. అక్కడ మన ఇష్టాయిష్టాలు పనిచేయవు. ఈక ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

బాల్కనీ నుంచి మొదలుపెట్టండి

కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో మీ ఫ్లాట్ బాల్కనీలో నర్సరీ నుంచి తెచ్చిన కుండీలు నాలుగైనా ఉంటాయి. మట్టి మార్చేటప్పుడు ఒక్కోసారి అందులోంచి నల్లగా, జానెడు కూడా లేని సన్నటి ప్రాణి బయటపడుతుంది. కొందరు వానపాము అనుకుని మళ్ళీ మట్టి కప్పేస్తారు. కొందరు పాముపిల్ల అని హడలిపోయి వాచ్‌మన్‌ను కేకేస్తారు. ఈ రెండూ చేయకుండా కింద కూర్చుని చూడండి.

వానపామైతే ఒంటి పొడవునా వలయాలు కనిపిస్తాయి. ఒళ్ళు జిగటగా, తడిగా ఉంటుంది. ముందుకు సాగుతుంది, వెనక భాగాన్ని ముడుచుకుని లాక్కుంటుంది, మళ్ళీ సాగుతుంది. అంటే కదిలేటప్పుడు దాని పొడవు మారుతూ ఉంటుంది. రెండో ప్రాణి అలా సాగదు, ముడుచుకోదు. ఉన్న పొడవుతోనే పక్కలకు మెలికలు తిరుగుతూ గబగబా మట్టిలోకి దూరిపోతుంది. దాని ఒళ్ళు పొడిగా ఉండి నిగనిగలాడుతుంది, ఎందుకంటే ఒళ్ళంతా అతి సన్నని నున్నటి పొలుసులే. తల దగ్గర పొలుసుల కింద నల్లటి చుక్కలు రెండు మసకగా కనిపిస్తాయి, అవే కళ్ళు. తోక చివర చిన్న ముల్లు ఉంటుంది. కాస్త ఓపిక పడితే నాలుక బయటికి వచ్చి పోవడమూ చూడొచ్చు. ఇది గుడ్డిపాము. విషం లేదు, మనిషిని కరవలేదు. చీమల గుడ్లూ చెదపురుగుల పిల్లలూ తిని బతుకుతుంది.

పొడవు ఎందుకు మారలేదు? లోపల వెన్నెముక ఉంది కనుక. వెన్నుపూసలు ఒకదాని వెనక ఒకటి కూర్చుకుని ఉన్న ఒళ్ళు వంగగలదు గానీ రబ్బరులా సాగలేదు. మనకు పుట్టినప్పుడు వెన్నుపూసలు 33. పాముల్లో వందల్లో ఉంటాయి. సకశేరుకాలను మిగతా జంతువుల నుంచి విడదీసే మొదటి గీత ఇదే: మెదడును కాపాడే పుర్రె, వీపు వైపు నరాల తాడు, దాన్ని చుట్టి కాపాడే వెన్నెముక. వానపాముకూ నరాల తాడు ఉంది. అయితే అది పొట్ట వైపు పరుగెడుతుంది, దాన్ని కాపాడే ఎముక లేదు. బయటికి ఒకేలా కనిపించిన రెండు ప్రాణుల్లో ఒకటి మన చుట్టమని, ఇంకొకటి కాదని, అవి కదిలే తీరు చూసే చెప్పగలిగాం.

ఈ గుడ్డిపాముకు తెలుగు నేలతో పాత బంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రసెల్ 1780లలో విశాఖపట్నంలో ఉంటూ పాములను సేకరించాడు. 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద బొమ్మల పుస్తకం వేశాడు. స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను చెవికి వినిపించినట్టు రాసిపెట్టుకున్నాడు. ఈ చిన్న పాము బొమ్మ కింద రాసుకున్నది ‘రెండు తలల పాము’ అని. 1803లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త దోదాన్ ఆ బొమ్మ ఆధారంగానే దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. రక్తపింజర శాస్త్రీయ నామంలో ఉన్నదీ ఈ రసెల్ పేరే. మరో వింత ఏమిటంటే ఈ జాతి గుడ్డిపాముల్లో మగవి లేవు. ఆడది జత కట్టకుండానే గుడ్లు పెడుతుంది, పుట్టేవన్నీ ఆడవే. అందుకే మొక్కల మట్టిలో ఒక్కటి ఓడెక్కినా చాలు, కొత్త దేశంలో సంతతి మొదలవుతుంది. అలా ఇవి ఆస్ట్రేలియా, అమెరికాల దాకా చేరాయి.

వెన్నెముక గురించి ఇంకొక్క మాట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో నక్షత్ర తాబేళ్ళు ఉన్నాయి. తాబేలు తన డిప్పలోంచి బయటికి వచ్చి తిరుగుతుందని పిల్లల బొమ్మల్లో చూపిస్తారు. అది జరగని పని. ఆ డిప్ప దాని వెన్నుపూసలూ పక్కటెముకలూ వెడల్పై కలిసిపోగా ఏర్పడింది. తాబేలు డిప్పలో ఉండటం లేదు, ఆ డిప్ప దాని అస్థిపంజరమే.

మామూలుగా ఉండేది వేరు, నిర్ణయించేది వేరు

చేప అంటే మొప్పలతో ఊపిరి తీసేదని చదువుకున్నాం. ఇప్పుడు మృగశిర కార్తె ముందు చేపల మార్కెట్‌కి వెళ్ళి చూడండి. తక్కిన చేపలు ఐసు మీద పడుకుని ఉంటే కొర్రమీనులు మాత్రం తొట్టిలో బెత్తెడు నీళ్ళలో ప్రాణంతో కదులుతుంటాయి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదంలో మింగేదీ ఈ కొర్రమీను పిల్లనే. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. దీనికి మొప్పల పైన తలలో గాలి పీల్చుకునే అర ఉంది. మధ్యమధ్య పైకి వచ్చి గుటక వేసినట్టు గాలి తీసుకుంటుంది. పైకి రానివ్వకుండా నీళ్ళలోనే అదిమిపెడితే ఊపిరాడక చచ్చిపోతుంది. చెరువులోకి మురుగు చేరి నీటిలో ప్రాణవాయువు పడిపోయినప్పుడు మిగతా చేపలు తేలిపోయినా ఇది నిలదొక్కుకోగలిగేది అందుకే.

అయితే ఇది చేప కాదా? చేపే. జీవితాంతం మొప్పలు ఉన్నాయి, కాళ్ళూ వేళ్ళూ లేకుండా వాజాలు ఉన్నాయి, గుండెలో రెండే గదులున్నాయి. గాలి పీల్చడం దాని అదనపు నేర్పు. అలాగే వాలుగకు పొలుసులు లేవు, సొరచేపకు గట్టి ఎముకలు లేవు, మృదులాస్థే. పొలుసులుండటం చేపల్లో మామూలు విషయం, నిర్ణయించే విషయం కాదు. ఈ రెంటికీ తేడా తెలియడమే సకశేరుకాల పాఠం మొత్తానికి ప్రాణం.

ఆఫీసులో మనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జిల్లాల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రవాడు ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో తడబడితే పనికిరాడని గీత కొట్టేస్తాం. గడగడా మాట్లాడటం మంచి ఇంజనీర్లలో తరచుగా కనిపించే విషయం కావచ్చు. మంచి ఇంజనీర్‌ను మంచి ఇంజనీర్‌గా చేసేది అది కాదు. సమస్య ఇచ్చి, విప్పమనండి. ఎలా విప్పుతాడో చూడండి. ఇంటర్వ్యూ గదిలో కూర్చునే ప్రతివాళ్ళూ ముందు కొర్రమీను గురించి చదవాలని నా కోరిక.

కప్పల దగ్గరికి వద్దాం. అపార్ట్‌మెంట్ తోటలో దీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చునే కప్పకు ఒళ్ళంతా బొడిపెలే, చర్మం పొడిగానే కనిపిస్తుంది. అయినా అది ఉభయచరమే. పట్టించే గుర్తు గుడ్డులో ఉంది. కప్ప గుడ్డుకు పెంకు లేదు, అందుకే నీళ్ళలో పెడుతుంది. అందులోంచి మొప్పలతో, తోకతో పిల్ల వచ్చి, రూపవిక్రియ చెంది, కాళ్ళూ ఊపిరితిత్తులూ తెచ్చుకుని గట్టెక్కుతుంది.

ఇక్కడ ఒక పెద్ద గీత ఉంది, పాఠ్యపుస్తకం దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంది. బల్లి గుడ్డుకూ కప్ప గుడ్డుకూ తేడా పెంకు ఒక్కటే కాదు. బల్లి గుడ్డు లోపల పిండం చుట్టూ ఒక పొర, ఆ పొరలో నీరు ఉంటాయి. ఆ నీటి పేరు ప్రతి తెలుగింట్లో తెలుసు: ఉమ్మనీరు. గర్భిణికి స్కానింగ్ చేసి ఉమ్మనీరు సరిపడా ఉందా అని డాక్టరమ్మ చూసేది ఏదో, బల్లి గుడ్డులోనూ కాకి గుడ్డులోనూ ఉన్నది అదే ఏర్పాటు. కప్ప తన పిల్లల కోసం చెరువు వెతుక్కోవాలి. సరీసృపాలూ పక్షులూ క్షీరదాలూ ఆ చెరువును గుడ్డు లోపలో కడుపు లోపలో కట్టుకున్నాయి. అందువల్లే ఇవి నీళ్ళకు దూరంగా, రాళ్ళగుట్టల మీద కూడా బతకగలిగాయి. ఖాజాగూడ గుట్టల మీద ఎండలో తల ఊపే తొండ ఆ మార్పు వల్లే అక్కడుంది.

ఈ మాట తెలిస్తే రక్తపింజర గొడవ కూడా తీరిపోతుంది. పాములు గుడ్లు పెడతాయి గదా, ఇది పిల్లల్ని కంటుందేమిటి అని అడుగుతారు. రక్తపింజర కడుపులోని పిల్ల చుట్టూ కూడా ఉమ్మనీటి పొర ఉంది. ఒంటి మీద పొడి పొలుసులున్నాయి, కాబట్టి అది సరీసృపమే. గుడ్డు బయట పొదిగిందా, కడుపులోనే పొదిగిందా అన్నది తర్వాతి మాట. అటు క్షీరదాల్లోనూ ఆస్ట్రేలియా ప్లాటిపస్ గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు పాలిస్తుంది. గుడ్డు పెట్టడాన్ని బట్టి గుంపు తేల్చలేం. ఒంటి మీద వెంట్రుకలు, తల్లి పాలు, చెవిలో మూడు బుల్లి ఎముకలు క్షీరదాన్ని తేలుస్తాయి.

పక్షులకు ఈ తంటా లేదు. ఈక ఉన్న ప్రాణి ఈనాడు భూమ్మీద పక్షి తప్ప మరొకటి లేదు. దసరా నాడు పాలపిట్టను వెతుక్కునేవాళ్ళు ఆ నీలి రెక్కలో చూస్తున్నది పక్షిజాతి మొత్తానికి గుర్తయిన ఆ ఒక్క వస్తువునే. పిల్లలు గబ్బిలం గురించి అడిగినప్పుడు ఈ ఈక గుర్తే ఉపయోగపడుతుంది.

“నాన్నా, గబ్బిలం పిట్టేనా?”

“నువ్వే చెప్పమ్మా. పిట్టకు ఒంటి మీద ఏముంటాయి?”

“ఈకలు. దీనికి లేవు, బొచ్చుంది.”

“మరి రెక్క దేంతో చేసినట్టుంది?”

గబ్బిలం రెక్క నిజానికి చెయ్యి. నాలుగు వేళ్ళు పొడుగ్గా సాగి, వాటి మధ్య చర్మం పరుచుకుంది. బొటనవేలు మాత్రం గోరుతో విడిగా ఉంది. పక్షి రెక్కలో వేళ్ళు కుదించుకుపోయాయి, ఎగిరే పని ఈకలది. సాయంత్రం బాదం చెట్టు కింద నిలబడితే పండు కోసం వచ్చే గబ్బిలాలను చూడొచ్చు. వాటి ఆడవి పిల్లను పొట్టకు కరుచుకుని పాలిస్తాయి. జవాబు మీరు చెప్పకండి. బిడ్డను ప్రశ్న నుంచి లక్షణం దాకా నడిపించండి, చాలు.

గీతలు మారుతూనే ఉంటాయి

స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో జంతువుల పేర్లకు పునాది వేసినప్పుడు తిమింగలాన్ని చేపల్లోంచి తీసి క్షీరదాల్లో పెట్టాడు. ఆయనే కప్పలనూ పాములనూ ఒకే గుంపులో వేశాడు, తర్వాతివాళ్ళు విడదీశారు. ఇప్పుడు మరో గీత చెరుగుతోంది. సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యంలో ఉన్న మొసలికి గుండెలో నాలుగు గదులు, పక్షికీ నాలుగు. బతికున్న వాటిలో మొసలికి దగ్గరి చుట్టం బల్లి కాదు, పక్షి. పక్షులు డైనోసార్ల ఒక శాఖ నుంచి వచ్చాయని శాస్త్రవేత్తలు తేల్చారు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికి, 1988లో యాదగిరి అనే భూగర్భ శాస్త్రవేత్త కోటసారస్ అని పేరు పెట్టిన డైనోసార్ అస్థిపంజరం మన బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. అది మరో శాఖదే అయినా, దాని మెడ పూసల కింద నిలబడితే ఈ చుట్టరికం పుస్తకంలో మాటగా అనిపించదు. కాబట్టి వంశాన్ని బట్టి చూస్తే పక్షులు సరీసృపాల్లో భాగమే. బడి పట్టికలోని అయిదు గుంపులు తప్పని కాదు, మొదటి మెట్టుగా అవి బాగా పనికొస్తాయి. ఆ గుంపుల్లో ఇప్పటికి గుర్తించిన చేపలు సుమారు 35 వేల జాతులు, సరీసృపాలు 12 వేలు, పక్షులు 11 వేలు, ఉభయచరాలు 8 వేలకు పైన, క్షీరదాలు 6 వేలకు పైన. అయినా కొత్త ఆధారం దొరికితే గీత చెరిపి గీసుకునే ధైర్యం ఈ శాస్త్రానికి ఉంది. ప్రాజెక్టు మధ్యలో మొదటి అంచనా తప్పని తేలినా దాన్నే పట్టుకుని వేలాడే బృందాలు నేర్చుకోవాల్సింది ఈ ధైర్యమే.

ఈ వానాకాలం చేయాల్సిన పని

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, ఫోనులో కాదు. దుర్గం చెరువు నడకదారిలో గానీ, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో గానీ, మీ ఆఫీసు ప్రాంగణంలోనే గానీ కనిపించిన వెన్నెముక గల ప్రాణిని రాయండి. పక్కనే, దాన్ని ఏ గుంపులో వేశారో, ఏ లక్షణం కంటితో చూసి వేశారో రాయండి. చూడని లక్షణాన్ని రాయకండి. ఇదే కష్టం. తొండ గుడ్డు పెడుతుందని తెలుసు కాబట్టి రాసేయాలనిపిస్తుంది. మీరు చూసింది పొలుసులు, గోళ్ళు, ఊగే తల మాత్రమే. తెలిసినదాన్నీ చూసినదాన్నీ విడిగా ఉంచడం చేత్తో రాస్తేనే అలవడుతుంది. శీతాకాలం వచ్చాక అమీన్‌పూర్ చెరువుకు వెళ్ళండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, వలస పక్షులు దిగుతాయి.

ఇలా రాసుకున్న జాబితాకు విలువ ఎంతో 2025లో ఈ కారిడార్ చూసింది. మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు చెట్లు కూలుస్తుంటే, అక్కడ జింకలున్నాయి, నెమళ్ళున్నాయి, నక్షత్ర తాబేళ్ళున్నాయి అని పేర్లతో సహా చెప్పగలిగిన విద్యార్థులు నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అక్కడ ఏమున్నాయో ముందే చూసి పెట్టుకున్నవాళ్ళు ఉండబట్టే ఆ మాట గట్టిగా చెప్పగలిగారు.

ఒక్క చోట మాత్రం దగ్గరగా వెళ్ళి లక్షణాలు వెతకొద్దు. గుడ్డిపాము తప్ప ఏ పాము కనిపించినా దూరంగా నిలబడండి. ఇక్కడి గుట్టల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉన్నాయి. ఎలుకలు తిని బతికే, విషం లేని జెర్రిపోతును నాగుపామని చంపేసే కాలనీలూ ఉన్నాయి. పామును చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. ఎవరినైనా కాటేస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వేయించడం వద్దు. కదలనివ్వకుండా వెంటనే యాంటీవెనం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పామును పట్టుకుని అడవిలో వదలడానికి హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి పనిచేస్తోంది, అటవీ శాఖ కూడా ఉంది. వాళ్ళ హెల్ప్‌లైన్ నంబర్లు ఈ రోజే వెతికి మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టండి, వాచ్‌మన్ ఫోనులో కూడా వేయించండి.